పచ్చదీపం వెలిగేదాకా

పొద్దున ఆరుకు కరెంటు పోయింది. రోజూ పోయేదే. రాత్రంతా బ్యాటరీల మీద నడిచిన సుద్దగుంట్ల ఊరిని గుట్ట అవతలి సోలారు లైనుకు మార్చేటప్పుడు ఐదు నిమిషాలు అన్నీ ఆగిపోతాయి. ఫ్యాన్లు ఆగుతాయి, పాలకేంద్రంలో యంత్రం ఆగుతుంది, గుట్ట మీది టవరు ఆగుతుంది. వాటితోపాటు సుంకమ్మ చూపు ఆగుతుంది.

ఆమె మంచం మీద లేచి కూర్చుంది. కుడిచేతి మణికట్టుకు పిండికట్టు ఉంది కాబట్టి ఎడమచేత్తో తడిమి కళ్లద్దాలు పెట్టుకుంది. చీకటి. నీటికాసులతో కంటి నరాలు ఎండిపోయినప్పటి నుంచి ఇరవై రెండేళ్లు దాంతో కాపురం చేసింది, ఆమెకు దానితో పేచీ లేదు. పక్కింట్లో వన్నూరమ్మ పేడనీళ్లు చల్లుతున్న చప్పుడు వింటూ కూర్చుంది.

మూలన ఆటో స్టార్టరు టక్కుమని పడింది. దాని పక్కన చూపుపెట్టె బుయ్యిమంది. తల వెనక, చర్మం కింద రేకు ఉన్నచోట చీమలు పాకినట్టయింది. చూపు వచ్చింది.

మద్దిలేటి గోడ దగ్గర నిలబడి ఉన్నాడు.

ఖాకీ చొక్కా. రెండో గుండీ లేదు. కుడిచెయ్యి గోడ మీద పెట్టి, తల సగం ఇటు తిప్పి, ఏదో అడగబోతున్న మొహంతో ఉన్నాడు. అడగడు. కదలడు. రెప్ప వేయడు. ఆయన పోయి నలభై మూడు రోజులైంది.

"కందిబేడలు అయిపోయినాయి," అని చెప్పింది సుంకమ్మ. "వన్నూరమ్మను అడిగితే తెచ్చిస్తానంది. తెచ్చిందాక నమ్మకం లేదు."

పెట్టె చేసే మోసం ఆమెకు తెలుసు. బిగించేనాడే ల్యాబువాళ్లు చెప్పారు. కళ్లద్దాల్లోని కెమెరా చూసింది పెట్టెకు పోతుంది, పెట్టె నుంచి దాబా మీది డబ్బాకు, డబ్బా నుంచి గుట్ట మీది టవరుకు, టవరు నుంచి కర్నూలు ల్యాబుకు. అక్కడ పెద్ద యంత్రం ఆ బొమ్మను దంచి చెరిగి, సుంకమ్మ మెదడుకు అరిగేలా చేసి వెనక్కి పంపుతుంది. ఇదంతా రెప్పపాటు పని. గాలికో వానకో సిగ్నలు అరక్షణం తెగితే మనిషి ఉలిక్కిపడకూడదని పెట్టెకు ఒక అలవాటు నేర్పారు. ఆ కాస్త సేపు తన దగ్గర దాచుకున్న బొమ్మ చూపిస్తుంది. ఏ చోట ఏది ఎక్కువసార్లు కనపడిందో, ఆ చోటికి అదే దాచుకుంటుంది.

ఇప్పుడు పొద్దున్నే అరక్షణం కాదు, పది నిమిషాలు అదే చూపిస్తోంది. ఎందుకో తెలియదు. సుంకమ్మ ఎవరికీ చెప్పలేదు.

పది నిమిషాలు నిండేలోపు ఆమె లేచి మొహం వంటింటి వైపు తిప్పుకుంది. ఆయన ఉన్న చోట ఉత్త గోడ మిగలడం ఇంతవరకు ఆమె చూడలేదు. పగలంతా కూడా ఆ మూలకు మొహం తిప్పదు.

*

షమీమ్ మధ్యాహ్నం బస్సుకు దిగింది. ల్యాబులో ఈ పెట్టెల బాగోగులు చూసే పిల్ల. ఇంటి ఎదురుగానే బస్సు దిగి నాలుగడుగులు వేసేసరికి వన్నూరమ్మ పట్టుకుంది.

"సుంకక్క పెట్టె చూసేదానికి వచ్చినావా? ఆమెకు పెట్టె కాదు తిరగబడింది, బుద్ధి. పంచాయతీవాండ్లు వాకిట్లో పైపులకు కాలవ తవ్వినారు. మనిషి లోతు. గుడ్డోండ్లు గూడా కట్టె ఆడించుకుంటా పోతారు. ఈమె పాలచెంబు పట్టుకొని చక్కగా చదును వాకిట్లో నడిచినట్టు నడిచి దాంట్లో దిగింది."

"దిగిందా?"

"దిగింది. చెంబు మాత్రం వదల్లేదు."

సుంకమ్మ గడపలో కూర్చుని ఇదంతా వింటోంది. ఆ పొద్దున ఆమెకు చదునైన వాకిలే కనపడింది. మూడేళ్లుగా ఉన్న వాకిలి. ముగ్గు కూడా ఉంది.

షమీమ్ సంచి దించి, చెప్పులు విప్పి, కూర్చోకముందే అడిగింది. "పెద్దమ్మా, పొద్దున ఎట్ల కనపడతాంది?"

"మసక," అంది సుంకమ్మ.

"ఎట్లాంటి మసక? పొగ మాదిరా, నీళ్లలో చూసిన మాదిరా?"

సుంకమ్మ కాసేపు ఆలోచించింది. అబద్ధం చెప్పడం కన్నా దానికి రంగులు వేయడం కష్టం. "పొగ మాదిరి."

పిల్ల పొగను పట్టుకునే పనిలో పడింది. కళ్లద్దాలు విప్పి తుడిచింది. తల వెనక రేకు దగ్గర ఏదో ఆనించి లెక్కలు చూసింది. పెట్టె ఆపి మళ్లీ వేసింది. వేయగానే చూపు శుభ్రంగా వచ్చింది. ఎదురుగా గుండ్రటి మొహం, ముక్కుకు చిన్న పుడక, చున్నీ చివర మసి.

"ఎట్లుంది?"

"బాగుండాది. ముక్కుపుడక కొత్తదా?"

షమీమ్ నవ్వలేదు. ఆపి వేస్తే బాగయ్యే రోగం అన్నిటికన్నా పాడు రోగం అని గొణుక్కుని ఫోను తీసింది. ల్యాబులో డాక్టర్ భార్గవి గొంతు ఫోనులోంచి పైకే వినిపించింది.

"షమీమ్, పదకొండు ఇళ్లలో పెట్టెలు పెట్టాం. అన్నిటికన్నా మంచి ఇల్లు అదే. మూడేళ్లు నెలనెలా కాగితం వచ్చేది, 'ఇబ్బంది ఏమీ లేదు, మద్దిలేటి, లైన్‌మన్' అని. ఇప్పుడు ఆవిడ పడింది. ఈసారి ఏ బావిలోనో పడితే?"

"మూడు పొద్దులు చూస్తా మేడం."

"గురువారం మధ్యాహ్నం దాకా చూడు. కారణం దొరక్కపోతే పెట్టె విప్పి తీసుకొచ్చెయ్. కారణం తెలియని చూపు మనిషి దగ్గర ఉంచలేం."

సుంకమ్మ గడప చెక్కను గోటితో గీకుతూ ఉండిపోయింది. మసక అంటే ఏదో తుడిచి పోతారనుకుంది. పెట్టెనే మోసుకుపోతారని ఆమె లెక్కలో లేదు.

*

మంగళవారం పొద్దున షమీమ్ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. ఒళ్లో లాప్‌టాప్. పెట్టె తాను చేసే ప్రతి పనినీ వరసగా రాసుకుంటుంది, ఆ రాత దాంట్లో కనపడుతుంది.

కరెంటు పోయింది, వచ్చింది. టక్కు. బుయ్యి.

మద్దిలేటి వచ్చాడు. షమీమ్ లేదు. ఆమె కూర్చున్న చోట ఆయన కాళ్లున్నాయి.

"చూపు వచ్చిందా పెద్దమ్మా?"

గొంతు ఆయన మోకాళ్ల దగ్గర నుంచి వచ్చింది. సుంకమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కచోటే అడ్డం పడ్డాయి. ముప్పై ఏళ్ల కాపురంలో పట్టుమని పది మాటలు మాట్లాడనివాడు ఇప్పుడు ఆడపిల్ల గొంతుతో అడుగుతున్నాడు.

"వచ్చింది. మసకగానే."

"ఇక్కడ అంతా సరిగ్గానే రాసుకుంది. పెట్టె లేచింది, డబ్బాను అడిగింది, డబ్బా ఉన్నానంది, చూపు మొదలైంది." షమీమ్ ఆ వరసను రెండోసారి చదివింది. "తప్పు లేదు. తప్పు లేకపోవడమే తప్పు మాదిరి ఉంది."

ఆనాడు వైర్లు మార్చింది. కళ్లద్దాలు మార్చింది. మధ్యాహ్నం రొట్టె తింటూ మూలకు చూసి అడిగింది.

"ఆ ఆటో స్టార్టరు ఎవరు పెట్టినారు?"

"మీ పెదనాయనే."

"లైన్‌మన్ అయ్యుండి?"

సుంకమ్మ నవ్వింది. షమీమ్ ఎందుకు అడిగిందో ఆమెకు తెలుసు. ఈ పక్క రైతులంతా బోరు మోటార్లకు దాన్ని పెట్టుకుంటారు. కరెంటు రాగానే మోటారు దానంతట అది లేస్తుంది, మనిషి చేనికి పోయే పని లేదు. కానీ లైను మీద కరెంటు వచ్చినంత మాత్రాన మూడు ఫేజులూ వచ్చినట్టు కాదు. ఒకటి వెనకబడిందంటే మోటారు మిగతా రెంటి మీదే లేవబోయి కాలుతుంది. మద్దిలేటి ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి వాటిని పీకి పారేశాడు. పీకినోన్ని తిట్టని రైతు లేడు.

"మా అబ్బాకు బనగానపల్లెలో మోటార్లు చుట్టే కొట్టుంది," అంది షమీమ్. "ఆటో స్టార్టర్లు లేకుంటే మాకు అన్నం లేదు. నా చదువంతా కాలిపోయిన మోటార్లే. అట్లాంటిది, పెదనాయన ఇంట్లోనే ఎట్ల పెట్టుకున్నాడు?"

"ఆస్పత్రికి పోయే పొద్దున పెట్టినాడు. అంబులెన్సు వాకిట్లో నిలబడింది, ఎదురొమ్ము పట్టుకొని కూసొని బిగిస్తాండాడు. నాలుగు దినాల్లో వస్తా, అంతదాక ఇది చేస్తాది అన్నాడు." సుంకమ్మ రొట్టె ముక్కను వేళ్లతో నలిపింది. "నాకు చెప్పింది ఒకటే. కరెంటు రాంగానే లేయొద్దు, చాయ్ తాగేంత సేపు కూసో అన్నాడు. తొందర మనిషిని కదా నేను, అందుకని అన్నాడు."

షమీమ్ లేచి ఆటో స్టార్టరు విప్పేసింది.

బుధవారం పొద్దున కరెంటు వచ్చిన వెంటనే స్విచ్చి తన చేత్తోనే వేసింది. సుంకమ్మకు మాత్రం అక్కడ ఖాకీ చొక్కానే కనపడింది.

"ఇప్పుడు?"

"మసకే, పాపా."

లాప్‌టాప్ మూత పడిన చప్పుడు వినిపించింది. తర్వాత షమీమ్ మెల్లగా అంది. "స్టార్టరు కాదు. వైరు కాదు. అద్దం కాదు. రేపు ఒక్క పొద్దే ఉంది పెద్దమ్మా."

*

ఆ సాయంత్రం వన్నూరమ్మ కందిబేడలు తెచ్చింది. ఇచ్చి ఊరికే పోలేదు, గట్టు మీద కూర్చుంది.

"పెట్టె పీక్కుపోతారంట కదా."

"పోనీలే," అంది సుంకమ్మ.

"ఏం పోనీలే. పోయిన మూడేండ్లు నా చీర రంగు చెప్పినావు, నా కొడుకు మీసం బాగలేదన్నావు. నాకు గూడా అలవాటైపోయింది. మద్దిలేటన్న ఉండుంటే ఏదో ఒకటి చేసేటోడు. ఆ మనిషి పని ఆ మనిషికే తెలుసు. పొద్దున్నే దాబా మీద నిలబడి ఎవరి ఇంటి పక్క చూస్తాండాడో అని మేమంతా నవ్వుకొనేటోళ్లం."

"బీడీకి పోయేటోడు. ఇంట్లో తాగితే నేను అరుస్తా."

"బీడీనో ఏమో. కండ్లు మాత్రం బీడీ మీద ఉండవు."

వన్నూరమ్మ పోయింది. సుంకమ్మ చాటలో బేడలు పోసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. ఒక్క చేత్తో ఏరాలి. ఈ మూడేళ్లలో ఆమెకు దొరికిన అన్ని సంబరాల్లోకీ ఇదే గొప్పది. బేడల్లో రాయి కనపడడం. కనపడితే తీసి అవతల వేయడం. అంతకు ముందు ఇరవై రెండేళ్లు ఆయనే ఏరేవాడు. స్తంభాలెక్కి ఊరందరికీ దీపాలు వెలిగించి వచ్చి, గట్టు మీద చాట పెట్టుకుని కూర్చునేవాడు. చూసినవాళ్లు నవ్వితే నవ్వనీ అనేవాడు కాదు, అసలు ఏమీ అనేవాడే కాదు.

పెట్టె పోతే బేడలు పోతాయి. వాకిలి పోతుంది. వన్నూరమ్మ చీరలు పోతాయి. పొద్దున పది నిమిషాల ఆయన కూడా పోతాడు.

నిజం చెబితే ఆయన ఒక్కడే పోతాడు.

లెక్క ఇంత తేలికగా ఉన్నా ఆమెకు మింగుడు పడలేదు. ఆయన్ను కర్నూలులోనే మట్టి చేశారు, ఆస్పత్రి నుంచి ఇంటికి బట్టల సంచి ఒక్కటి వచ్చింది. కడసారి మొహం చూద్దామంటే కర్నూలులో ఆమె కళ్లద్దాలకు పెట్టె లేదు, చూపు లేదు. చేత్తో తడిమి చూసుకుంది, చల్లగా ఉంది. అప్పుడు పంపించని మనిషిని ఇప్పుడు తన నోటితో తానే పంపించాలి.

ఏరిన బేడలనే మళ్లీ ఏరింది.

*

గురువారం. కరెంటు పోయింది.

షమీమ్ నేల మీద తన చోట కూర్చుంది. ఆమె సంచి అప్పటికే సర్ది గడప దగ్గర పెట్టిందని సుంకమ్మకు చప్పుడును బట్టి తెలిసింది.

"పాపా, ఒకటి చెప్తా. చెప్పినాక నన్నేమీ అడగొద్దు."

"సరే పెద్దమ్మా."

స్విచ్చి షమీమ్ తీయలేదు, వేసే ఉంచింది. కరెంటు రాగానే పెట్టె దానంతట అదే బుయ్యిమంది. చీమలు పాకాయి.

"మసక కాదు," అంది సుంకమ్మ.

"ఏది?"

"నాకు కనపడేది. మసక ఏనాడూ లేదు. తుడిచిన అద్దం మాదిరి ఉంటాది. నువ్వు కనపడవు. నువ్వు కూసున్న తావున మీ పెదనాయన నిలబడుకోని ఉండాడు."

మీటల చప్పుడు ఆగిపోయింది.

పాత బొమ్మ అని షమీమ్ వెంటనే అర్థం చేసుకుంది. ఆ మాట నోటితో అనలేదు. అడగనని ఒప్పుకుంది కాబట్టి కాసేపు ఉగ్గబట్టుకుంది. చివరికి పనే గెలిచింది.

"అడగొద్దన్నావు గానీ..."

"అడుగులే."

"చెయ్యి ఎక్కడ పెట్టినాడు?"

"గోడ మీద. స్విచ్చి మీద."

"రోజూ అట్లనేనా?"

"రోజూ అట్లనే."

"ఎక్కువసార్లు చూసిందే పెట్టె దాచుకుంటుంది. అంటే మూడేళ్లు పొద్దున నీకు చూపు వచ్చే గడియకు ఆయన చెయ్యి స్విచ్చి మీదే ఉంది." షమీమ్ గొంతు దగ్గరికి వచ్చింది. "కరెంటు రాంగానే వేసేవాడా?"

"యాడ రాంగానే? ఊరందరి ఫ్యాన్లూ తిరుగుతాంటే నేను చీకట్లో కూసొని అరిచేదాన్ని. పెండ్లాం కండ్లకన్నా బీడీ ఎక్కువాయెనా అని." సుంకమ్మ అలాగే ఆయన్ను చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లు మొహం తప్ప చూడలేదు. ఇప్పుడు చెయ్యి చూసింది, చెయ్యి నుంచి కిందికి చూసింది. "పాపా."

"ఆఁ."

"ఆయన కాళ్లకు చెప్పులుండాయి."

"ఉంటే?"

"ఇంట్లో చెప్పులు తొక్కేటోడు కాదు. ముప్పై ఏండ్లలో ఒక్కనాడు తొక్కలేదు. దాబా మెట్లు దిగి నేరుగా వచ్చింటాడు. విప్పేంత సేపు గూడా ఆగకుండా."

షమీమ్ పరుగెత్తింది. బయట మెట్ల మీద పాదాల చప్పుడు, తర్వాత నెత్తి మీద దాబా చప్పుడు. తర్వాత గొంతు.

"డబ్బా మీద దీపం ఎర్రగా ఉంది పెద్దమ్మా."

కింద సుంకమ్మ, మద్దిలేటి ఒకరినొకరు చూసుకుంటూ ఉన్నారు. పైన ఆ పిల్ల అటూ ఇటూ నడుస్తోంది.

"ఇంకా ఎరుపే."

వన్నూరమ్మ ఇంట్లో ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది.

"పచ్చ. పచ్చ పడింది పెద్దమ్మా. నాలుగు నిమిషాలు పట్టింది."

షమీమ్ దిగి వచ్చి గడపలో నిలబడింది. రొప్పుతోంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"గుట్ట మీది టవరు లేయడానికి నాలుగు నిమిషాలు కావాల. అంతదాకా డబ్బాకు ఎవరూ పలకరు. కానీ కరెంటు రాంగానే డబ్బా మాత్రం ఉన్నానంటాంది. మన పెట్టె డబ్బాను అడుగుతాంది గానీ, అవతల టవరు పలికిందా అని అడగడం లేదు. ఉన్నానంది కదా అని చూపు మొదలుపెడతాంది. మొదలుపెట్టి చూస్తే అవతల ఎవరూ లేరు. సిగ్నలు తెగిందనుకొని పాత బొమ్మ పెడతాంది. నడుమ తెగితే వెంటనే చూసుకుంటాది గానీ, లేస్తానే ఇట్లయితే పది నిమిషాల దాకా మళ్లీ అటు చూడదు. మా ల్యాబులో టవరు ఎప్పుడూ ఆగదు, మిగతా పది ఇండ్లూ టౌన్లలో ఉండాయి. అందుకే మాకెవరికీ తెలీలేదు."

"మీ పెదనాయనకు?"

"ఆయనకు ఫేజులు వచ్చినాయో లేదో చూడకుండా స్విచ్చి వేసే అలవాటు లేదు కదా." షమీమ్ గొంతు కాస్త తగ్గింది. "పైన పిట్టగోడ మీద ఒకచోట సున్నం అరిగిపోయి నున్నగా ఉంది పెద్దమ్మా. మోచేతులు ఆనించి నిలబడే చోటు. అక్కడ నిలబడితే దీపం ఎదురుగా ఉంటాది. బీడీ ముక్కలు పక్కన ఒక పాత చెంబులో వేసినాడు. నిండా ఉండాయి."

సుంకమ్మ కట్టు ఉన్న చేతిని ఒళ్లో సర్దుకుంది. నెలనెలా ఇబ్బంది ఏమీ లేదని రాసి పంపిన మనిషి. ఆ ఇబ్బంది వెయ్యి పొద్దులు ఆయన దాబా మీద మోసి, దీపం పచ్చబడగానే మెట్లు దిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఆమెకు చూపు ఇచ్చాడు. ఎవరైనా అడిగి ఉంటే చెప్పేవాడేమో. తనైతే అడగలేదు. అరిచింది.

ఆస్పత్రికి పోయేనాడు మాత్రం ఆ దీపం చూసేవాళ్లు ఇంట్లో ఇంకెవరూ లేరు. అందుకే జన్మంతా పీకిన దాన్ని తన చేత్తో బిగించి, చాయ్ తాగేంత సేపు కూసో అన్నాడు.

షమీమ్ గడియారం చూసుకుంది. లోపలికి రాలేదు.

"పెద్దమ్మా, ఇంకా నాలుగు నిమిషాల పైన ఉంది. తర్వాత నేను పెట్టెకు నేర్పించేస్తా. టవరు పలికిందాక లేయొద్దని. ఇంక..." ఆగింది. "నేను బయట ఉంటా. మేడంకు ఫోను చేస్తా."

తలుపు దగ్గరికి వేసి పోయింది.

సుంకమ్మ మంచం దిగి రెండడుగులు దగ్గరికి పోయింది. మూడో అడుగు వేయలేదు. చెయ్యి చాపితే గోడ తగులుతుందని తెలుసు.

"బేడలు తెచ్చింది," అని చెప్పింది. "రాళ్లు లేవు. రెండు తూర్లు ఏరినా."

బయట షమీమ్ ఫోనులో మాట్లాడుతోంది. "లేదు మేడం, పెట్టె తేవడం లేదు. కారణం దొరికింది. డబ్బాను కాదు, టవరును అడగాల... మూడేళ్లు ఎట్ల నడిచిందంటే, మూడేళ్లూ ఒక లైన్‌మన్ అడుగుతాండాడు మేడం."

సుంకమ్మ ఆయన మొహం చూసింది. చెవి దగ్గర నెరిసిన వెంట్రుకలు చూసింది. గుండీ లేని చోట దారపు పోగు చూసింది. ఏదో అడగబోతున్న ఆ మొహం ఏమడుగుతోందో ఆమెకు ఇన్నాళ్లూ తెలియక కాదు. రోజూ స్విచ్చి వేసి, అదే మొహంతో తిరిగి, అడక్కుండానే ఆమె రెప్పల్ని చూసి పోయేవాడు.

"కనపడతాండావు," అంది.

ఈసారి మొహం వంటింటి వైపు తిప్పుకోలేదు.

పది నిమిషాలు నిండాయి. ఆయన ఒక్కసారిగా పోలేదు. ముందు చొక్కా పలచబడింది, తర్వాత గోడ గీతలు చొక్కాలోంచి కనపడ్డాయి, తర్వాత గోడే ఉంది. సున్నం గోడ. స్విచ్చి. స్విచ్చి పక్కన, మనిషి భుజమంత ఎత్తులో, అరచెయ్యి ఆని ఆని నల్లబడిన మరక. ఐదు వేళ్లు తెలిసీ తెలియనట్టు ఉన్నాయి.

మరకను ఆమె ఇన్నాళ్లు చూడలేదు. మూడేళ్లు దాని మీద చెయ్యి ఉంది.

*

షమీమ్ మధ్యాహ్నం బస్సుకు పోయింది. పోయేముందు స్విచ్చి మళ్లీ మామూలుగా బిగించి, ఇక దాన్ని ముట్టుకునే పని లేదని, టవరు పలికేదాకా పెట్టె దానంతట అదే ఆగుతుందని రెండుసార్లు చెప్పింది. పాత బొమ్మ కాగితం మీదికి తీసి పంపిస్తానంది. సుంకమ్మ వద్దంది. పటం గోడకు ఒకటి ఉంది, అది చాలు.

మరుసటి పొద్దున ఆరుకు కరెంటు పోయింది. సుంకమ్మ లేచి కళ్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుంది. ఐదు నిమిషాలకు కరెంటు వచ్చింది. వన్నూరమ్మ ఇంట్లో ఫ్యాను తిరగడం మొదలైంది. పాలకేంద్రం యంత్రం మొదలైంది. ఊరంతా మొదలైంది.

ఆమెకు చీకటే ఉంది.

లేయాలనిపించింది. లేవలేదు. నెత్తి మీద దాబా చడీచప్పుడు లేకుండా ఉంది. ఈపాటికి డబ్బా మీద ఎర్రగా ఉంటుంది. ఎర్రగా ఉందని ఎవరూ నిలబడి చూడడం లేదు. ఆమె మంచం పట్టెను చేత్తో పట్టుకుని, ఒక మనిషి చాయ్ తాగడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపు, వాకిట్లో ఎవరు పోతున్నదీ వినకుండా కూర్చుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వచ్చేది ఈ వేళకే.

బుయ్యిమంది. చూపు వచ్చింది.

ఎదురుగా గోడ ఉంది, మరక ఉంది. తెరిచిన తలుపులోంచి వాకిట్లో కాలవ కూడా స్పష్టంగా కనపడుతోంది. దాని మీద ఎవరో అడ్డంగా పలక వేశారు.

సుంకమ్మ వెంటనే లేవలేదు. ఇంకాసేపు కూర్చుంది.